ఎనభై ఏడో తూము

హైమావతి ఫోనులో పదకొండు వందల పేర్లున్నాయి. చెరువుల రైతులు, హేచరీల వాళ్లు, మేత డీలర్లు, నాలుగు రాష్ట్రాల శాస్త్రవేత్తలు, ఏట్లో దిగి గుల్లలు ఏరుకునే ఆడవాళ్లు, వస్తూ పోతూ ఉండే అధికారులు. పొద్దున ఆరింటికి మొదలైతే ఆ ఫోను మోగుతూనే ఉంటుంది. ఇన్ని పేర్లలో ఊరికే పలకరించడానికి చేసే మనిషి ఒక్కతే, సత్యవేణి. అదైనా తన ఫోను కాదు, మొగుడిది. "మట్టగిడసల పులుసు పెట్టేనే, వచ్చి తినేసి పో" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసేది.

హైమావతికి నలభై తొమ్మిదేళ్లు. పెళ్లయింది, పొసగలేదు, ఇద్దరూ మర్యాదగా ఎవరి దారిన వాళ్లు పోయారు. ఆ తర్వాత ఇరవయ్యేళ్లూ ఆమె ఉద్యోగమే చేసింది. ఉప్పుటేరు ఒడ్డున తీరప్రాంత జలసాగు సమన్వయ కేంద్రానికి ఆమే పెద్ద. ఆ పేరు బోర్డు మీద పట్టడానికి రెండు వరుసలు కావలసి వచ్చింది గానీ, కేంద్రమంటే రెండు గదులు, ఒక ప్రయోగశాల, వెనక ఒక చిన్న చెరువు, మేడ మీద ఆమె ఉండే గది, అంతే.

ఆమె పని చెప్పుకోవడానికి తేలిక, చెయ్యడానికి ప్రాణం పోతుంది. ఏరు ఒకటి. దాన్ని పట్టుకుని పదకొండు ఊళ్లు, రొయ్యల చెరువులకు నీళ్లు తెచ్చి తీసుకుపోయే ఎనభై ఆరు తూములు. ఒకడు వదిలిన నీళ్లే పక్కవాడి మోటారు తోడుకుంటుంది. ఒక చెరువుకి జబ్బు వస్తే, ఆ రైతు చెప్పకుండా నీళ్లు ఏట్లోకి వదిలేసి చేతులు దులుపుకుంటాడు. వారం తిరక్కుండా ఏరంతా చావే. ఎవరి నీళ్ల వల్ల వచ్చిందో ఎవరికీ తెలిసేది కాదు. గాలి అనేవారు, రొయ్యపిల్ల మంచిది కాదనేవారు, అమ్మవారికి కోపం వచ్చిందనేవారు. ఎవరిదో తెలియదు కాబట్టి, పోగొట్టుకున్న వాళ్లూ పోగొట్టిన వాడూ టీకొట్టు దగ్గర ఒకే బల్ల మీద కూర్చుని తలలు పట్టుకునేవాళ్లు. ఆ అజ్ఞానంలో ఎంత సుఖముందో హైమావతికి అప్పట్లో తెలియదు.

ఆ అజ్ఞానాన్ని పోగొట్టినవాడు డాక్టర్ తాజుద్దీన్. బక్కపలచటి మనిషి, పొద్దస్తమానం ప్రయోగశాలలోనే ఉంటాడు, మాట్లాడాల్సి వస్తే చెమటలు పడతాయి. అతను తయారుచేసిన జీవి పేరు కాపలా చిప్ప. చూడటానికి మామూలు ఆల్చిప్పే, అరచేతిలో సగం ఉంటుంది. నీళ్లు తాగి వదలడమే దాని బతుకు. తాగిన ప్రతిసారీ పెంకు లోపల వెంట్రుక మందాన ఒక పొర పోసుకుంటుంది. ఆ పొరలో ఆ నీటి ఆనవాలు నిలిచిపోయేలా అతను దాని పుట్టుకలోనే మార్పు చేశాడు. ఒకే కారంతో పెట్టినా ఇంటింటి ఆవకాయ వేరుగా ఉన్నట్టు, చెరువు చెరువుకీ నీళ్లలోని కంటికి కనపడని జీవుల కలయిక వేరు. అది చిప్పకి తెలుస్తుంది. జబ్బు నీళ్లు తగిలితే టక్కున మూసుకుంటుంది, మూసుకుంటే కేంద్రంలో గంట మోగుతుంది. తర్వాత దాన్ని కోసి దీపం కింద పెడితే, ఏ రోజు ఏ చెరువు నీళ్లు తనని దాటి పోయాయో పూసగుచ్చినట్టు చెబుతుంది.

మూడేళ్ల కిందట మొదటిసారి రైతుల్ని కూర్చోబెట్టి చూపించినప్పుడు, బొమ్మిడి ఏడుకొండలు తూము దగ్గర పది రోజులు వేలాడదీసిన చిప్పను తాజుద్దీన్ అందరి ముందూ కోశాడు. తెర వంక చూస్తూ, "మంగళవారం మీరు సున్నం చల్లారండి. గురువారం పొద్దున మీ పైచెరువు వాళ్లు నీళ్లు వదిలారు" అన్నాడు.

ఏడుకొండలు ముఖం మాడిపోయింది. అతను ఎనిమిది చెరువుల ఆసామి, పది మందికీ పెద్దమనిషి. "ఇది చిప్పాండీ, పోలీసు కుక్కాండీ?" అన్నాడు. అందరూ నవ్వారు గానీ, ఆ నవ్వులో భయముంది. "చూడండి మేడంగారూ, జబ్బొచ్చినోడు అప్పటికే సచ్చున్నాడు. ఆడి పేరు కూడా ఊళ్లో ఏసేత్తే ఇంకెక్కడ బతుకుతాడండి? మాకొద్దండీ ఇయ్యి."

సభ లేచిపోయేదే. అప్పుడు వెనకనించి తిరుమాని పెద్దిరాజు లేచాడు. అరవై దాటిన మనిషి, రెండే చెరువులు, చేపల వేట మానేసి చెరువు తవ్వుకున్న తరం. సత్యవేణి భర్త.

"తూములకి నెంబర్లెయ్యండి. ఏ నెంబరు ఎవరిదో మీ ఒక్కరికే తెలవాలి. జబ్బొత్తే జబ్బొచ్చిందని చెప్పండి, నీళ్లు తోడొద్దని చెప్పండి. ఎవడిదన్నది మాత్రం పేణం పోయినా చెప్పకండి. అట్టాగయితే కట్టుకుంటాం." కూర్చోబోయి మళ్లీ నిలబడ్డాడు. "మీ ఎనకాల చెరువుంది కదండీ, దాని తూముకీ ఓ నెంబరెయ్యండి. మీరేం పైనించి ఊడిపళ్లేదు కదా."

ఈసారి నవ్వు హాయిగా వచ్చింది. హైమావతి కూడా నవ్వి సరేనంది. ఎవరిదో పోల్చుకోలేకుండా నెంబర్లని కలగలిపి తన పుస్తకంలో రాసుకున్నప్పుడు, కేంద్రం తూముకి ఎనభై ఏడు పడింది; అది తాజుద్దీన్‌కి కూడా చూపించలేదు. ఆ జాలరి పాలేల్లో మాట ఇవ్వాలంటే వల ముట్టి ఇస్తారు. వేట తగ్గి వలలు అటకెక్కినా ఆ మాటకి విలువ తగ్గలేదు. పెద్దిరాజు తన పాత వల తెప్పించాడు. ఏ తూము ఎవరిదో చెప్పనని హైమావతి దాని మీద చెయ్యి వేసింది.

అక్కణ్ణించి ఇంటింటికీ కాళ్లరిగేలా తిరిగింది. ఎనభై ఆరు మందినీ ఒప్పించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ తిరుగుడులోనే సత్యవేణికి చెల్లెలయింది, పెద్దిరాజుకి హైమమ్మ అయింది. చిప్పలు రెండుసార్లు గంట మోగించాయి, రెండుసార్లూ తూములన్నీ మూసుకుని ఊళ్లు ఒడ్డునపడ్డాయి. గుల్లలు ఏరుకునే ఆడవాళ్లు కేంద్రం గుమ్మానికి పసుపు రాసి వెళ్లారు. నాలుగు రాష్ట్రాల తీరాలకీ ఇదే పద్ధతి పెడదామని పైనుంచి సమీక్షా బృందం కూడా వచ్చి చూసి వెళ్లింది.

బృందం వెళ్లిన ఆరో రోజు పౌర్ణమి.

పౌర్ణమికి రొయ్య డొల్ల విడుస్తుంది. ఒళ్లు మెత్తగా, దిక్కులేని స్థితిలో ఉంటుంది. ఆ తెల్లవారుజామున రైతులు మేత చూసుకోవడానికి చెక్ ట్రేలు పైకి లాగితే, వేసిన మేత వేసినట్టే ఉంది. తెల్లారేసరికి రొయ్యలన్నీ గట్ల వెంబడి చేరి, ఒళ్లంతా నీలం తిరిగి, నీటి మీదికి మూతులు పెట్టి తేలుతున్నాయి. మధ్యాహ్నానికి ఎనిమిది ఊళ్ల చెరువులు పోయాయి. ఏట్లో గుల్లలు కూడా నోళ్లు తెరిచి చచ్చిపోయాయి. ఇటువంటి జబ్బు ఇదివరకు ఎవరూ చూడలేదు.

గంట మాత్రం మోగలేదు. ఎనభై ఆరు తూముల దగ్గర ఒక్క చిప్ప కూడా మూసుకోలేదు.

హైమావతి ఊరూరా తిరిగి తిట్లు తింది. అవి తినగలిగింది. తినలేనిది ఇంకోటి మొదలైంది. ఎనిమిది ఊళ్ల మధ్యలో రెండు చెరువులు చెక్కుచెదరకుండా బతికి ఉన్నాయి. అవి పెద్దిరాజువి. పైగా మరో వారానికి ఒక చెరువులో రొయ్య పట్టించి అమ్ముకున్నాడు కూడా. అందరిదీ పోయి ఒక్కడిది బతికిందంటే, ఆ ఒక్కడూ ముందుగా జబ్బు కనిపెట్టి, ఆ నీళ్లు ఏట్లోకి వదిలేసి, తనది కాపాడుకున్నాడనేగా? టీకొట్టు దగ్గర ఈ లెక్క తేలడానికి ఒక్క పూట చాలింది.

పన్నెండో రోజున తాజుద్దీన్ ఆమెని ప్రయోగశాలలోకి పిలిచాడు. తూముకొక చిప్ప చొప్పున ఎనభై ఆరూ తెచ్చి కోసి, పొరలు చదివి, కళ్లు గుంటలు పడ్డాయి. "నెంబరొచ్చింది మేడం" అన్నాడు. "ఎందుకు మూసుకోలేదో మాత్రం అర్థం కావట్లేదు. ఈ నీళ్లు తగిలినప్పుడు చిప్పలు మూసుకోకపోగా ఇంకా బాగా తెరుచుకున్నాయి. సొంతింటికి వచ్చినట్టు." తెర ఆమె వైపు తిప్పి తను గోడ వైపు తిరిగాడు. "ఎవరిదో నాకు చెప్పకండి."

ఎనభై ఏడు.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. తాజుద్దీన్‌కి తెలియని దాంతో సహా అంతా ఆమెకి ఒక్క క్షణంలో అర్థమైంది.

సమీక్షా బృందం వచ్చే రోజు పొద్దున వెనక చెరువు పచ్చగా, జిగటగా ఉంది. ఊళ్ల నుంచి తెచ్చిన చిప్పల్లో కోయనివాటిని అందులో వేసి, కొన్నాళ్లు ఉంచి, మళ్లీ తూములకు పంపేవాళ్లు. పది గంటలకు పెద్దవాళ్లు వస్తారు. చెరువులు శుభ్రంగా ఎలా ఉంచుకోవాలో ఊళ్లకి చెప్పే కేంద్రం పెరట్లో ఈ పాచి నీళ్లేమిటంటారు. చుట్టాలొస్తున్నారంటే వాకిలి కడుక్కున్నట్టే, ఆమె ఎవరికీ చెప్పకుండా తనే చక్రం తిప్పి తూము ఎత్తింది. గంట సేపు. అందులో రొయ్య లేదు, చేప లేదు, జబ్బు ఎక్కడిది అనుకుంది.

ఆ రోజు నవమి. అష్టమి, నవమి తిథుల్లో పోటూ పాటూ ఉండవు, ఏరు కదలదు. వదిలిన నీళ్లు సముద్రానికి పోవు, తూముల దగ్గరే నిలిచి, మోటారు వేసినవాడి చెరువులోకి పోతాయి. ఆ రెండు రోజులూ తూము ఎత్తరాదని పదకొండు ఊళ్లలో కరపత్రం పంచింది హైమావతే. పెద్దిరాజు లాంటి పాతకాలపు మనిషి మాత్రం ఆ రోజుల్లో నీళ్లు తోడటం కూడా మానేస్తాడు. అతని చెరువులు అందుకే బతికాయి.

ఎనభై ఆరు చోట్ల నీళ్లు తాగిన చిప్పలు, అక్కడక్కడి జబ్బుల్ని తలా కాస్త కడుపులో దాచుకుని వచ్చాయి. చిప్పకి అవేమీ చెయ్యవు. ఆ చిన్న చెరువులో అవన్నీ ఒకచోట చేరి, కలిసి, కొత్తదేదో పుట్టింది. తూముల దగ్గరి చిప్పలకి ఆ నీటి వాసన తాము పెరిగిన చెరువుదే. అందుకే గుమ్మం తీసి లోపలికి రానిచ్చాయి.

"మేడం, మంచినీళ్లు తేనా?" అన్నాడు తాజుద్దీన్, గోడ వైపు తిరిగే.

"వద్దు" అంది. నెంబర్ల పుస్తకం తన బీరువాలోనే ఉంది. తను నోరు విప్పితే తప్ప ఇది ప్రపంచంలో ఎవరికీ తెలియదు. మాట ఇచ్చింది కదా. ఎవరి తూము అన్నది పేణం పోయినా చెప్పకూడదు. ఆ మాట తననే ఇంత భద్రంగా కాపాడుతుందని వల మీద చెయ్యి వేసిన రోజున ఆమె అనుకోలేదు.

మర్నాడే ఏడుకొండలు వచ్చాడు. గుమ్మం లోపలికి రాకుండా వరండాలోనే నిలబడ్డాడు. "మేడంగారూ, పేరు చెప్పమనట్లేదండి. మాటిచ్చేరు, మాకూ తెలుసు. ఒక్కటి చెప్పండి చాలు. పెద్దిరాజు కాదని చెప్పండి. మేం ఆ మనిషి జోలికి పోం."

కాదని చెప్పొచ్చు. రేపు ఇంకొకరి పేరు పట్టుకుని ఇలాగే వస్తారు. ఎల్లుండి మరొకరు. ఒక్కొక్కరినీ కాదనుకుంటూ పోతే చివరికి మిగిలే తూము ఏదో ఆమెకి తెలుసు. కేంద్రం మూతబడుతుంది, నాలుగు రాష్ట్రాల పథకం అటకెక్కుతుంది, ఎనభై ఆరు మంది మళ్లీ ఎవరికి వాళ్లే అయిపోతారు. ఇవన్నీ పెద్ద కారణాలే. వాటి వెనక ఒక చిన్న కారణం ఉంది. ఆమెకి భయమేసింది.

"నేను మాట ఇచ్చానండీ" అంది.

ఏడుకొండలు కాసేపు ఆమె ముఖంలోకి చూసి తల ఊపాడు. "అర్థమైందండి" అని మెట్లు దిగిపోయాడు. అతనికి ఏమర్థమైందో ఆమెకీ అర్థమైంది. వెనక్కి పిలవడానికి నోరు తెరిచింది కూడా. అతను బండి స్టార్ట్ చేసేదాకా నిలబడి, లోపలికి వచ్చేసింది.

వెలి అని ఎవరూ అనలేదు. ఆ మాట అంటే కేసవుతుందని అందరికీ తెలుసు. రొయ్యలకి ఐసు కోసం పెద్దిరాజు వెళ్తే, అప్పుడే ఐసు అయిపోయేది. వల లాగే మనుషులకి అతని చెరువు రోజునే ఒంట్లో బాగుండేది కాదు. టీకొట్టువాడు గ్లాసు ఇచ్చేవాడు గానీ, అతను కూర్చుంటే బల్ల మీది వాళ్లు పని గుర్తొచ్చి లేచిపోయేవాళ్లు. ఇదివరకు ఎవరివల్ల పోయిందో తెలియక అందరూ కలిసి ఏడ్చేవాళ్లు. ఇప్పుడు తెలుసుననుకున్నారు.

వారం గడిచాక సత్యవేణి దగ్గరనించి ఫోను వచ్చింది. గొంతులో ఓపిక లేదు. ఆమెకి గుండెజబ్బు రెండేళ్లుగా ఉంది. హైమావతి వెళ్లేసరికి మంచం మీద కూర్చునే కంచంలో అన్నం కలిపి పెట్టింది. ఇంట్లోకి ఎవరూ రాక, వాకిట్లో ముగ్గు కూడా తొక్కినవాళ్లు లేక అలాగే ఉంది.

"ఏమే, నీకు తెలుసంట కదా ఎవరిదో" అంది సత్యవేణి. "మీ బావ కాదని ఒక్క మాట అనరాదంటే? నాకు తెలుసు ఆయన కాదు. నవమినాడు నీళ్లు ముట్టుకోడాయన. నువ్వంటే ఇంటారు."

హైమావతి కలిపిన ముద్దని కంచం అంచుకి నెట్టింది. "చెప్పకూడదక్కా."

సత్యవేణి "సర్లే, మాటిచ్చినాక ఏం చేత్తావులే" అని, గిన్నెలో ఉన్న ముక్క తీసి ఆమె కంచంలో వేసింది. "తిను, సిక్కిపోయేవు."

హైమావతి ఆ ముక్క తింది. దానికి తనని తాను తర్వాత ఎన్నడూ క్షమించుకోలేదు.

నాలుగు రోజుల తర్వాత పొద్దున సత్యవేణి పోయింది. కబురు పదకొండు ఊళ్లకీ వెళ్లింది. పక్క జిల్లా నుంచి పెద్దిరాజు తమ్ముడు వచ్చాడు, యానాం నుంచి కూతురూ అల్లుడూ వచ్చారు. ఊళ్లోవాళ్లు తలుపులు దగ్గరగా వేసుకుని కిటికీల్లోంచి చూశారు. పాడె కట్టడానికి తాజుద్దీన్ వెదుళ్లు మోసుకొచ్చాడు. తన మతం వేరని ఒకసారి మొహమాటంగా చెప్పాడు. "మోత్తావా మొయ్యవా" అన్నాడు పెద్దిరాజు. మోస్తానన్నాడు.

నిప్పుకుండ పట్టుకుని పెద్దిరాజు ముందు నిలబడ్డాడు. పాడె మోయడానికి తమ్ముడు, అల్లుడు, తాజుద్దీన్. ముగ్గురయ్యారు. నాలుగో మనిషి కోసం పెద్దిరాజు వీధి చివరిదాకా చూశాడు. తలుపులు తెరుచుకోలేదు. ఎండెక్కుతోంది. అప్పుడు హైమావతి కొంగు నడుముకి దోపుకుని వెళ్లి నాలుగో కొమ్ము పట్టుకుంది. ఆడమనిషి పాడె మోయడం ఆ పాలెంలో ఎవరూ చూడలేదు. పెద్దిరాజు నిప్పుకుండతో ముందు నడిచాడు. ఏటి ఒడ్డుదాకా మైలున్నర దూరం ఆమె భుజం మార్చకుండా మోసింది. సత్యవేణి ఏమంత బరువు లేదు.

పెద్దకర్మ రోజు వంద విస్తళ్లు తెప్పించి, పెద్దిరాజు ఎనిమిది వేశాడు. భోజనాలయ్యాక చెయ్యి కడుక్కుంటున్న హైమావతి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఈ పది రోజుల్లో పదేళ్లు పెద్దవాడయ్యాడు. "సొంత చెల్లెలుంటే కూడా ఇంత చెయ్యదమ్మా. ఊరంతా ఒకెత్తు, నువ్వొకెత్తు. నువ్వన్నా ఉన్నావు నాకు" అన్నాడు.

తిట్టి ఉంటే ఇంకొన్నాళ్లు భరించేదేమో. ఆ మాట మాత్రం ఆమె ఇంటికి మోసుకుపోలేకపోయింది. కేంద్రానికి వెళ్లేసరికి బల్ల మీద ఉత్తరం ఉంది. పథకాన్ని నాలుగు రాష్ట్రాలకీ పెంచారు, అన్నిటికీ సమన్వయకర్తగా ఆమెనే వేశారు. సమీక్షా బృందం కేంద్రం శుభ్రతని ప్రత్యేకంగా మెచ్చుకుంది.

మూడో రోజు ఆమె సభ పిలిచింది. అందరూ వచ్చారు, ఒక్క పెద్దిరాజు తప్ప. హైమావతి ఉపన్యాసమేమీ చెయ్యలేదు. "ఏ తూమన్నది చెప్పనని మీకు మాట ఇచ్చాను. అది మీ తూముల గురించి. ఇది నాది" అని, నెంబరు చెప్పింది. నవమి సంగతి, బృందం సంగతి, చిప్పలు ఎందుకు మూసుకోలేదో, ఎప్పుడు తెలిసిందో, అన్నీ వరసగా చెప్పింది. చెబుతున్నంతసేపూ తాజుద్దీన్ నేల చూపులు చూశాడు.

ఎవరూ కేకలు వెయ్యలేదు. ఏడుకొండలు లేచాడు. "నేనొచ్చి అడిగిన నాడు మీకు తెలుసాండి?"

"తెలుసు."

"మాతో తప్పు చేయించేరండి" అన్నాడు. కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అతని వెనకే మిగతావాళ్లూ లేచారు.

మర్నాటి నుంచి తూముల దగ్గర వేలాడదీసిన చిప్పల బుట్టలు వెనక్కి రావడం మొదలైంది. గంట తీగె కోసి, తెచ్చి గేటు ముందు పెట్టి, గేటు తట్టకుండా పోయేవాళ్లు. వారంలో ఎనభై ఆరూ చేరాయి. వాటిని మళ్లీ ఏట్లో వెయ్యడానికి లేదు. వెనక చెరువులో పోసి, బ్లీచింగ్ కలిపి, ఉన్నవాటినన్నిటినీ తాజుద్దీనే చంపాడు. ఏడేళ్ల పని. గట్టు మీద కూర్చుని, అవి ఒక్కొక్కటే తెరుచుకోవడం చూశాడు.  మరో ఉద్యోగం చూసుకుని వెళ్తూ, "మీరు చెప్పకపోయినా నేను ఎప్పటికో కనిపెట్టేవాణ్ణి మేడం" అన్నాడు. అది ఓదార్పో నిష్ఠూరమో ఆమెకి తెలియలేదు. పైనుంచి ఆమెని పక్కన పెడుతూ ఇంకో ఉత్తరం వచ్చింది. ఫోను మోగడం మానేసింది.

పెద్దిరాజు ఇంటికి మాత్రం మనుషులు వెళ్తున్నారని విన్నది. ఏడుకొండలు ఐసు పంపాడట. ఆడవాళ్లు కూర గిన్నెలు పట్టుకెళ్లారట. అతను ఎవరినీ కాదనలేదట, ఎవరితోనూ మాట్లాడలేదట.

ఊరు విడిచి వెళ్లే ముందు ఒక పొద్దున హైమావతి అతని చెరువు దగ్గరికి వెళ్లింది. పెద్దిరాజు చెక్క వంతెన చివర కూర్చుని చెక్ ట్రే పైకి లాగుతున్నాడు. ఆమె వంతెన మొదట్లోనే ఆగింది. క్షమించమని అడగాలని దారంతా మాటలు కూర్చుకుంది. 

"బావగారూ" అంది.

అతను తిరిగి చూడలేదు. ట్రేలో మిగిలిన మేతని వేలితో కదిపాడు. "మీకెప్పుడు తెలిసింది?" అన్నాడు. మూడేళ్లుగా నువ్వు అన్న మనిషి, మీరు అన్నాడు.

"బహుళ ద్వాదశి నాడు."

అతను తిథులు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ఏటి పోటుపాట్లు లెక్కపెట్టే వేళ్లు, తొందర లేకుండా ఒక్కొక్క కణుపూ దాటుకుంటూ పోయాయి.

"సత్యవేణి పోయింది నవమి నాడు" అన్నాడు. "అంటే అప్పటికి పన్నెండు రోజులు."

"అవును."

"పాడె పట్టేరు మీరు."

 చెరువు మధ్య ఏరేటరు నీళ్లు చిమ్ముతూ తిరుగుతోంది. పెద్దిరాజు చాలాసేపు ఆ నీళ్లనే చూశాడు. కోపం లేదు ఆ ముఖంలో. ఉంటే ఆమెకి కాస్త తోడుగా ఉండేది.

"అయితే దాన్ని ముగ్గురే మోసేరన్నమాట" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

ట్రే మెల్లగా నీళ్లలోకి దించి, తాడు గూటానికి కట్టి, రెండో చెరువు గట్టు మీదికి నడిచాడు.